మా ఆవిడ ఓడ ప్రయాణం

విమానాశ్రయం పక్కన ఇల్లుంటే ఎంత వైభోగమో శంషాబాద్‌లో కాపురం పెట్టినవాళ్లకే తెలుస్తుంది. మా చుట్టాల్లో ఎవరు ఏ దేశం వెళ్లాలన్నా ముందు మా ఇంట్లో దిగుతారు. మా ఆవిడ చేసిన పులిహోర తిని, దారికి సకినాలు కట్టించుకుని విమానం ఎక్కుతారు. మా దిండ్లకు చల్లారే తీరిక ఉండదు. ఒకసారి మా మేనమామ పచ్చళ్ల పెట్టె బరువుకి ఆటో ముందుచక్రం గాల్లోకి లేచి, ఆరాంఘర్ నుంచి మా గుమ్మం దాకా వెనక చక్రాల మీదే వచ్చింది. నమ్మకపోతే ఆ ఆటోనే అడగండి.

నాది సూట్‌కేసుల దుకాణం. నా పెట్టెలు లోకమంతా తిరుగుతాయి. మేమిద్దరం మాత్రం పక్కనే ఉన్న తుక్కుగూడ దాటితే దూరప్రయాణం కిందే లెక్క.

నిరుడు మా చిన్నాన్న కూతురు యూరప్ నుంచి వస్తూ మా ఇంట్లో ఆగింది. అక్కడ నది మీద ఓడలో వారం రోజులున్నారట. మంచం పక్కనే కిటికీ. ఊళ్లే వచ్చి ముఖం చూపించి పోతాయట.

"హోటళ్లు, రైళ్లు అన్నీ కలుపుకుంటే గిదే అగ్గువ వదినా," అంది.

మా ఆవిడ చపాతీలు కాలుస్తూ అంతా విని ఒక్కటే అడిగింది.

"వంట ఎవరు చేస్తరు?"

"వాళ్లే చేస్తరు."

"కూసున్న కాడికి తెస్తరా?"

"తెస్తరు వదినా."

ఆ తర్వాత కొన్నాళ్లు మా ఇంట్లో పెనం కాస్త గట్టిగానే చప్పుడు చేసింది.

యూరప్ నా వల్ల కాదు. కానీ వానలకు కృష్ణ నిండితే నాగార్జునసాగర్ నుంచి శ్రీశైలానికి లాంచీ నడుస్తుందనీ, భోజనం అందులోనే పెడతారనీ తెలిసింది. టికెట్లు తీశాను. ఇక నా నాలుక ఊరుకుంటుందా?

"నువ్వు కాలు పెట్టంగనే కెప్టెన్ సలాం కొడతడే. పులులు ఒడ్డుకొచ్చి వరుసగ నిలబడతయ్."

"సలాం వద్దు, పులులు వద్దు. అన్నం తెచ్చి పెడ్తరా లేదా, అది జెప్పు."

"పెడ్తరు."

"నీ మాటలల్ల సగం తీసేస్తే ఏం మిగుల్తది?"

"సగం ప్లేటు."

బయల్దేరే రోజు పొద్దున్నే కారు గుమ్మం ముందుకొచ్చింది. అంతలో ఫోన్. మా పెద్దన్న.

"తమ్మీ, ఇయ్యాల దుబాయ్ పోతున్నం. పగటి బువ్వకు అందరం మీ ఇంటికే వస్తం. నాటుకోడి వండుమను."

పెద్దన్నకు కాదని చెప్పే విద్య మా వంశంలో ఎవరికీ రాదు. "అది కాదన్నా... అంటే అన్నా..." అన్నాను. పులుల్ని వరుసలో నిలబెట్టిన నాలుక తడారిపోయింది. మా ఆవిడ నా ముఖం చూసింది. చేతిలో సంచి కింద పెట్టి, కొంగు బొడ్లో దోపుకుని, వంటింటి వైపు రెండడుగులు వేసింది. ఆగింది. వెనక్కొచ్చి ఫోన్ లాక్కుంది.

"బావా, దండాలు. తాళంచెవి పక్కింటి ఖాలా కాడ ఉంటది. బియ్యం డబ్బల ఉన్నయ్. కోడి దుకాణం మూలమీదనే. అక్క వండినా మంచిదే, నువ్వు వండినా మంచిదే. పోయేటప్పుడు గిన్నెలు కడిగి బోర్లియ్యుండ్రి. మేం ఓడెక్కుతున్నం."

గోడ అవతల నుంచి ఖాలా నవ్వింది. "ఫికర్ నక్కో బేటీ, నువ్వు పో!"

కారు ఔటర్ రింగు రోడ్డు ఎక్కినా నేను ఫోన్ వంకే చూస్తున్నాను.

"అన్న ఏమనుకుంటడే?"

"ఏమనుకుంటడు? గిన్నెల సబ్బు ఏడుందో అనుకుంటడు."

లాంచీ దగ్గర సలాం ఎవరూ కొట్టలేదు. "జరుగున్రి, జరుగున్రి" అన్నారు. ప్లాస్టిక్ కుర్చీలు. పులులు సెలవులో ఉన్నాయి. అయినా రెండువైపులా నల్లమల కొండలు మెల్లగా పక్కకు తిరుగుతుంటే నేనే నోరు మూసుకున్నాను. మా ఆవిడ మాత్రం కొండల్ని చూడలేదు. ఆవిడ చూపంతా వెనక గిన్నెలు చప్పుడవుతున్న చోటే ఉంది.

భోజనం రాగానే అలవాటుగా లేవబోయింది. చెయ్యి పట్టి కూర్చోబెట్టాను. వడ్డించే ఆయన ఒంగి ప్లేట్లో అన్నం, పప్పు, వంకాయకూర పెట్టాడు.

"పప్పుల చింతపండు తక్కువైంది," అంటూనే ఆవిడ ప్లేటు ఖాళీ చేసింది.

ఆయన మళ్లీ వచ్చాడు. "ఇంకొంచెం అమ్మా?"

"ఎయ్యన్నా."

ఇంకోసారి వచ్చాడు. ఆవిడ ఇంకోసారి ప్లేటు చాపింది.

"కడుపు పగుల్తదే!" అన్నాను.

"పగలనీ," అంది, కుర్చీలో వెనక్కి వాలి. "మల్ల వస్తడేమో చూడు."