కార్డుకి పసుపు

ఖిదిర్‌పూర్ ఓడల డాకు కూలీలుండే లైన్లలో మా వాళ్ళకి ఉద్యోగమంటే ఒళ్ళు. వీపు మీద బస్తా ఆగితే ఉద్యోగం ఉన్నట్టు, ఆగకపోతే లేనట్టు. మా అయ్య శ్రీకాకుళం నుంచి అలాగే వచ్చి చేరాడు. పసితనంలో పోలియో వచ్చి నా ఎడమ కాలు చిక్కిపోయింది కాబట్టి నన్ను చదివించారు. కాలికివ్వాల్సిన బలం దీని నోటికిచ్చీసినాడు దేవుడు అనేది మా అమ్మ. బి.ఏ. పాసయ్యేసరికి లైన్లో అందరూ నాకు సర్కారు కుర్చీ ఖాయమన్నారు. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీలో వికలాంగులకి వేరే విభాగం ఉందట. ఉంది. రెండో అంతస్తులో ఉంది. లిఫ్టు లేదు.

వికలాంగుల విభాగాన్ని తీసుకెళ్ళి అంత పైన పెట్టిన బుద్ధి ఎవరిదని మొదటి రోజే అడిగాను. గుమాస్తా తల ఎత్తకుండా, ఇదివరకు కిందే ఉండేది దీదీ, వానాకాలం గదిలోకి నీళ్ళొచ్చేస్తుంటే పైకి మార్చారు అన్నాడు. ఇంకా మారుస్తూనే ఉన్నారు, సగం కాగితాలు కిందే ఉన్నాయి అని కూడా అన్నాడు. పేరు రాసుకుని కార్డిచ్చాడు. పిలుపొస్తుంది, మూడేళ్ళకోసారి వచ్చి రెన్యువల్ చేయించుకోండి అన్నాడు. కార్డు పై మూలన పేరెక్కిన తేదీ నీలం సిరాతో రాసి ఉంటుంది. ఆ తేదీయే మన వరస. ముందు తేదీ వాళ్ళని ముందు పిలుస్తారు.

మూడేళ్ళూ పిలుపు లేదు. లైన్లో పిల్లలకి ట్యూషన్లు చెప్పుకుంటూ కూర్చున్నాను. రెన్యువల్ ముద్ర వేయించుకొచ్చిన రోజు మా అమ్మకి అనుమానమొచ్చింది. కొత్త చీర గానీ, కొత్త పుస్తకం గానీ, ఆఖరికి కొత్త గొడుగైనా సరే, మూలలకి పసుపు పెట్టకుండా మా ఇంట్లో వాడరు. మరి ఈ కార్డుకెవరైనా పెట్టారా? ఎవరూ పెట్టలేదు. ఇంకేముంది, రోగం దొరికిపోయింది. నేను ట్యూషన్‌లో ఉండగా మా అయ్య స్నానం చేసొచ్చి, పసుపు తడిపి, నాలుగు మూలలకీ శ్రద్ధగా రాసి, కార్డుని దేవుడి పటం వెనక పెట్టేశాడు.

మళ్ళీ రెన్యువల్‌కి తీసేదాకా నేను దాన్ని చూడలేదు. తేదీ ఉండాల్సిన చోట పసుపూ సిరా కలిసి ఆకుపచ్చ మరకైపోయింది.

కార్డు పాడైంది, ఇవాళ్టి తేదీతో డూప్లికేటు ఇస్తానన్నాడు గుమాస్తా. అంటే ఆరేళ్ళ నిరీక్షణ పోయి, ఆ పొద్దున్నే తలుపు తీసుకుని వచ్చినవాళ్ళ వెనక నిలబడాలి. మీ దగ్గర నకలుండాలి కదా అన్నాను. ఉండాలి. కానీ కింది గదిలో నానిపోయిన కట్టల్లో నాదీ ఉందట.

"మీ కాగితం తడిస్తే వాన, మా కార్డు తడిస్తే నేరమా?"

పక్క బల్లల వాళ్ళు మరమరాలు నమలడం ఆపి విన్నారు. వాళ్ళలో ఒకాయన విషయాన్ని యూనియన్ దృష్టికి తీసుకెళ్ళమని సలహా ఇచ్చాడు. ఏ యూనియన్‌కి అని అడిగితే మళ్ళీ మరమరాల్లో పడ్డాడు. ఉద్యోగం ఉన్నవాళ్ళందరికీ ఈ ఊళ్ళో యూనియన్ ఉంది.

డూప్లికేటుకి సంతకం పెట్టకుండా దిగొచ్చేశాను. మళ్ళీ వెళ్తే పెద్దాఫీసరు మీటింగులో ఉన్నాడు. ఇంకోసారి వెళ్దామంటే బంద్. ఆ తర్వాత దసరా పూజల సెలవులు. సెలవులయ్యాక మా అయ్య షిఫ్టు మానుకుని నాతో బయల్దేరాడు. గుమాస్తా ముందు చేతులు కట్టుకుని నిలబడి, డాకులో నేర్చిన హిందీ, బంగ్లా కలిపి చెప్పుకున్నాడు. పసుపు తన చేత్తోనే రాశాడని, పిల్లకి తెలీదని, తప్పు దాని పేరున రాయొద్దని.

గుమాస్తా చెడ్డవాడు కాదు. అయ్యని కూర్చోబెట్టి టీ తెప్పించాడు. సర్కారు కాగితానికి పసుపెందుకు మేశో అని, బాబాయిని అడిగినట్టు, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. నేను గుమాస్తా పక్కనున్న టైపు మిషను చూపించాను. దాని నెత్తిన మొన్నటి విశ్వకర్మ పూజలో పెట్టిన సిందూరం ఇంకా ఎర్రగానే ఉంది.

"మరి దానికి బొట్టెందుకు పెట్టారు దాదా?"

"టైపు మిషనుకి సీనియారిటీ ఉండదు దీదీ."

గది మొత్తం నవ్వింది. ఇంకెవరి సంగతైనా అయితే నేనూ నవ్వేదాన్నే. ఇంకో మాట అందామని నోరు తెరిచేసరికి మా అయ్య నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"తీసీసుకో అమ్మీ. తగువు నువ్వు నెగ్గినా కుర్చీ ఆల్లదే కదా."

సంతకం పెట్టాను. దిగేటప్పుడు అయ్య నాకంటే ఒక మెట్టు కింద, అడ్డంగా నడిచాడు, పడితే తన వీపు మీద పడేలాగ.

ఆ తర్వాతి రెన్యువల్‌కి వెళ్ళినప్పుడు గుమాస్తా నేనడక్కుండానే చెప్పాడు. కిందటేడు ఒక ఆఫీసు వాళ్ళు గుమాస్తాలు కావాలని అడిగితే పాత తేదీల వాళ్ళ పేర్లు పంపారట. నేను మొదట పేరు రాయించుకున్న ఏడాది వాళ్ళదాకా పిలుపులు వెళ్ళాయట. చాలామంది చేరిపోయారట. అతను బాధపడుతూనే చెప్పాడు. బాధపడేవాడితో ఏం తగువాడతాం? ముద్ర వేయించుకుని ట్రామెక్కాను.

ఇంటికొచ్చేసరికి మా అయ్య భోంచేసి, రెండో షిఫ్టుకి టైమవుతుందని గుమ్మంలో కూర్చున్నాడు.

"ఏటన్నారమ్మీ?"

దాచే ఓపిక లేక ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన బీడీ వెలిగించబోయి ఆగాడు.

"పసుపు వల్లేనేటి?"

కాదన్నాను. కాదని ఊరుకున్నానా? కింది గదిలో నీళ్ళ గురించి చెప్పాను, నకలు దాచుకోలేని ఆఫీసు గురించి, ఎప్పుడూ మీటింగులోనే ఉండే ఆఫీసరు గురించి, కాళ్ళు లేనివాళ్ళని మెట్లెక్కించే ప్రభుత్వం గురించి, ఎన్నికలప్పుడు మాత్రం మా లైను గుర్తొచ్చే పార్టీ బాబుల గురించి చెప్పాను. అన్నీ నిజాలే. మా అయ్య ఆ బీడీ చేతిలోనే పట్టుకుని అంతా విన్నాడు.

"అంతసేపు సెప్పినావంటే అదేనన్నమాట," అన్నాడు.

నేనేదో అనేలోగా లేచి, దండెం మీద చొక్కా తీసుకుని తొడుక్కుంటూ షిఫ్టుకి వెళ్ళిపోయాడు.