చింతగింజల లెక్క

సాయంత్రం ఇంటిగంట కొట్టాక, నందిగామ బడి బంట్రోతు ఇశ్రాయేలు అరుగు మీద చింతగింజలు పరుస్తాడు. గెలిచిన ఆటలు కుడివైపు, ఓడినవి ఎడమవైపు, ఇంకా ఆడాల్సినవి మధ్యలో. తాలూకా ఫుట్‌బాల్ పోటీలు సగమయ్యాయి. కుడివైపు రెండే గింజలున్నాయి. మిగిలిన నాలుగింట్లో మూడు గెలిస్తేనే ఊరి జట్టు బెజవాడలో సెమీఫైనల్ ఆడుతుంది. ఆరిపోయిన బీడీ పెదవి మీదే ఉంచుకుని, గింజల్ని జరుపుతూ, మళ్ళీ వెనక్కి లాగుతూ కూర్చుంటాడు. "జగ్గయ్యపేట వాళ్ళు మాత్రం ఏం చేస్తారు? గోలు దగ్గర మన పుల్లయ్య ఉండగా బంతి దూరదు," అని తనలో తనే గొణుక్కుంటాడు.

మాఘమాసంలో ఒకరోజు ఆ పుల్లయ్యే వచ్చి అరుగు ముందు నిలబడ్డాడు. "మామా, రేపట్నించి వేదాద్రి వైపు మిరపకోతకి పోతున్నా. నెల్లాళ్ళు రాను. నువ్వు ఉండమంటే ఉంటా."

ఇశ్రాయేలు తలెత్తలేదు. "ఇంట్లో జొన్నలున్నయ్యా?"

"లేవు."

"అయితే పో."

అతను వెళ్ళాక మధ్యనున్న గింజలన్నీ ఎడమకు జరిపాడు. పడమట మబ్బు పడుతోంది. వానొస్తే కోత ఆగుతుంది, పుల్లయ్య తిరిగొస్తాడు. ఇశ్రాయేలు వేలు ఒక గింజను మెల్లగా కుడివైపుకు లాగింది. అంతలో పుల్లయ్య ఇంట్లో పొయ్యి గుర్తొచ్చి ఆగిపోయింది. గింజలన్నీ అరచేత్తో కిందికి ఊడ్చేసి, వాన పడనివ్వొద్దని దేవుణ్ణి అడిగాడు.