మగ్గానికి సెలవు

ఆ వయసులో నాకు ఒక చోట కుదురుగా కూర్చోవడం చేతయ్యేది కాదు. హిందూపురంలో ధర్మవరం ప్యాసింజరెక్కితే, పెనుకొండ రాకముందే తలుపు దగ్గర నిలబడేవాణ్ణి, నేను తోస్తే బండి తొందరగా పోతుందన్నట్టు. ఎం.ఏ. చదువుతున్నాను కదా, లోకంలోని హెచ్చుతగ్గులన్నీ లెక్కలతో సరిచేసేద్దామని ఆత్రం. అందులో మొదటిది ధర్మవరంలో మా చిన్నమ్మ సంగతి. పట్టుచీర పనిలో సగం ఆమెదే, సర్కారిచ్చే నేత కార్డు మాత్రం చిన్నాయన ఒక్కడి పేరు మీదే. ఆడవాళ్ల పనికి లెక్క చూపిస్తే, వాళ్లకూ కార్డులివ్వమని సోమవారం చేనేత ఆఫీసర్ల మీటింగులో అడుగుతానని మా కాలేజీ సార్ మాటిచ్చాడు.

శనివారం పొద్దున్నే చిన్నమ్మ వాళ్ల వీధిలో పడ్డాను. ఇంటింటికీ ఒకటే ప్రశ్న, నిన్న ఎంతసేపు పనిచేశారని. మగవాళ్లు పనే లేదన్నారు. ఆడవాళ్లూ అదే మాట. మధ్యాహ్నానికి అంతా కూడి చూస్తే, ధర్మవరం నేతగాళ్లంత సుఖపడేవాళ్లు దేశంలోనే లేరని తేలింది. చిన్నమ్మ దగ్గరకు పరిగెత్తి, కార్డు ఆశ వదులుకోమని చెప్పాను.

ఆమె పట్టుదారం కండెలకు చుడుతూనే, నిన్న అమావాస్య అనీ, ఆ రోజు ఎవరూ మగ్గం ముట్టరనీ చెప్పింది. (నేతవాళ్ల ఇళ్లలో పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి. మా నాయన మగ్గం వదిలి ఉద్యోగంలో చేరాక, మా ఇంట్లో ఆదివారమే తప్ప అమావాస్య లేదు.) అయితే నువ్వూ ఊరికే ఉన్నావా అన్నాను. ఇల్లంతా కడిగి, మగ్గానికి పూజ చేసి, వచ్చిన చుట్టాలకు ఓళిగలు చేసి పెట్టిందట.

"నిన్న సెలవు మగ్గానికప్పా. నాకెవరిచ్చిరి?"

మళ్లీ వీధిలో పడ్డాను. ఈసారి ఆడవాళ్లను మాత్రమే, మొన్నా నిన్నా నిద్రలేచినప్పటి నుంచీ ఏమేం చేశారో చెప్పమన్నాను. "పొద్దున్నే అడిగిపోతివి కదప్పా, ఇంగా తేలలేదా?" అని ఒకాయన మగ్గం మీది నుంచే విసుక్కున్నాడు. నాకు మాత్రం ఎక్కడలేని సంతోషంగా ఉంది.

కార్డు రావడానికి సార్ జుట్టు నెరిసేంత కాలం పట్టింది గానీ, వచ్చింది. ఫోటోలో చిన్నమ్మ చిరాగ్గా ఉంటుంది. తిరగమోత మధ్యలో పొయ్యి ఆర్పి ఫోటోకు పోయిందట.

మొన్నామధ్య ఒక ఆదివారం ఆమె మా ఇంటికొచ్చింది. నేను కాళ్లు చాపుకుని, కాఫీ కోసం రెండోసారి కేకేస్తున్నాను.

"ఈ పొద్దు నీకు సెలవా అప్పా? మరి కోడలికో?"

దిగ్గున లేచి వంటింట్లోకి పోయాను. చక్కెర డబ్బా కోసం చాలాసేపు వెతికి, చివరికి మా ఆవిడనే పిలిచాను.