రెండు మెల్లగా, ఒకటి గట్టిగా

దయ్యాల మాటెత్తితే నాకు నవ్వొస్తుంది. వస్తువులు ఎందుకు విరుగుతాయో ఇరవై రెండేళ్ళుగా పాఠం చెప్తున్నదాన్ని. ఇనుము విరిగినా, వెదురు విరిగినా ఒక కారణం ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. నా ఉద్యోగమంతా ఆ నమ్మకం మీదే నడిచింది, హాయిగానే నడిచింది. అందుకే ఈ సంగతి చెప్పడానికి ఇన్నాళ్ళూ మొహమాటపడ్డాను.

మా కాలేజీ ఖమ్మంలో. వెదురు బద్దలను అతికించి, వాగుల మీద చిన్న వంతెనలకు పనికొచ్చే దూలాలు చేయాలని నా పరిశోధన. వెదురు కోసం చర్ల అవతల ఒక ఊరికి వెళ్ళేదాన్ని. ఆ గుంతల రోడ్డు మీద ముందుగా పరీక్షకు నిలబడేది నా నడుమేనని మా డ్రైవర్ ఎగతాళి చేసేవాడు.

అక్కడ వెదురు నరికిచ్చేది లచ్చయ్య అనే కోయ పెద్దాయన. ప్రతి బొంగునూ ముందు కత్తి పిడితో తట్టేవాడు. రెండు మెల్లగా, కాస్త ఆగి, ఒకటి గట్టిగా. చెవి ఆనించి వినేవాడు. కొన్నిటిని నరక్కుండా వదిలేసేవాడు.

"బొంగును అడగకుండ పని చెప్తే అది మనిషిని కొడ్తదమ్మా," అన్నాడొకసారి. నేను తలూపి, లోపల నవ్వుకున్నాను.

పోయిన ఏడాది ఒక ఉదయం, పదకొండు గంటలకు, ల్యాబులో ఆఖరి దూలాన్ని విరిచి చూడాలి. నా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న రఫియాకు అది ఐదేళ్ళ కష్టం. లోపలి పగుళ్ళ సన్నటి చప్పుడు పట్టే సెన్సర్‌ను దూలానికి అంటించి, స్పీకర్‌కు కలిపాం. దూలం మీద బరువు మోపే మిషన్ ఇంకా ఆన్ చేయలేదు. రఫియా కళ్ళద్దాలు సర్దుకుని, ముఖం దూలానికి జానెడు దూరంలో పెట్టి చూస్తోంది.

స్పీకర్‌లోంచి వినబడింది. రెండు మెల్లగా. కాస్త ఆగి, ఒకటి గట్టిగా.

ఎవరో బల్ల తట్టారనుకున్నాను. ల్యాబులో మేమిద్దరమే. మళ్ళీ అదే వరసలో వినబడింది. నేను రఫియా భుజం పట్టి వెనక్కి లాగేశాను.

"ఏంది మేడం, ఏమైంది?" అంది.

టెక్నీషియన్‌ను పిలిచి మిషన్ విప్పించాను. దూలాన్ని పైనుంచి అదిమే భాగంలోని ఉక్కు పిన్ను ఆయన చేతిలో రెండు ముక్కలుగా ఊడింది. బరువు ఎక్కించి ఉంటే ఆ ముక్క నేరుగా ఆ పిల్ల ముఖానికే వచ్చేది. నేను కుర్చీలో కూలబడి ఏడ్చాను.

సెన్సర్ పట్టిన ఆ చప్పుడు రికార్డింగ్ ఇప్పటికీ నా దగ్గరుంది. కరెంటులో తేడా అయ్యుంటుందని ఒకాయన, పగిలిన పిన్నే చప్పుడు చేసిందని ఇంకొకాయన అన్నారు. నేనూ అలాగే సరిపెట్టుకున్నాను.

రెండు నెలలకు మళ్ళీ వెదురుకు వెళ్ళాను. జరిగింది ఆ ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. రఫియా ఏనాడూ అటు రాలేదు. లచ్చయ్య బొంగు తడుతూ, తల తిప్పకుండానే అడిగాడు.

"ఆ కండ్లద్దాల పిల్ల మంచిగున్నదా?"

"అవ్, మంచిగనే ఉన్నది," అన్నాను. ఆయన చెవి ఆనించి వింటున్నాడు.

రఫియా ఇప్పుడు డాక్టర్ రఫియా. మా ల్యాబు గోడ మీది జాగ్రత్తల పట్టికలో మొదటిది, మిషన్ ఆన్ చేసే ముందు అన్నిటినీ తట్టి వినాలని. ఒక్కో జాగ్రత్తకూ ఎదురుగా కారణం రాశాను. దీని ఎదురుగా మాత్రం ఖాళీగా వదిలేశాను.