పని అంటే పానీ వచ్చింది

మా చెల్లెలి పురుడు మా ఇంట్లోనే పోయాలని పట్టుబట్టింది నేనే. అమ్మ పోయినప్పుడు అది ఇంకా స్కూల్లో చదువుతోంది. తర్వాత నాన్న కూడా పోయారు. దాని పెళ్ళి నా చేతుల మీదుగానే జరిగింది. మా దీవుల ఉత్తరపు కొసన, షిప్పెక్కి వెళ్ళాల్సిన డిగ్లీపూర్ కోడలయ్యాక, పుట్టిల్లని చెప్పుకోవడానికి దానికి మిగిలింది లంబాలైన్‌లో కొండవాలున ఉన్న మా ఇల్లొక్కటే. అమ్మ ఈ ఇల్లు చూడనైనా లేదు. ఆమె పోయిన చాలా ఏళ్ళకి మా ఆయనా నేనూ కట్టుకున్నాం. అయినా తొలి కాన్పుకి ఆడపిల్ల పుట్టింటికి రావాలి కదా. రాకపోతే నలుగురూ ఏదో అంటారని కాదు, నాకే అది ఇక్కడికి రావాలని ఉంది.

చెల్లెలి కోసం వెనక గది ఖాళీ చేయించి, కొత్త పరుపు, దోమతెర కొన్నాను. మిగిలింది ఒక్క కాలవ పని. మా ఇంటి వెనక కొండకీ గోడకీ మధ్య సన్నటి కాలవ ఉంటుంది. కొండమీది వాననీళ్ళు అందులోకి దిగి, ఇంటి పక్కగా భూమిలో వేసిన పైపులోంచి కింద రోడ్డు మీదికి పోవాలి. వానలు పడకముందే దాన్ని శుభ్రం చేయించమని మా ఆయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. ఆయన బోటు ఇంజన్లు బాగుచేస్తారు. ఊళ్ళో ఎవరి బోటు ఆగినా పరుగెత్తే మనిషికి సొంతింటి పని మాత్రం ఎప్పుడూ రేపే. ఆయన రేపు వచ్చేలోగా వాన వచ్చింది.

మా దీవుల్లో వాన మొదలైతే దానికి తెరిపి తెలియదు. ఓ ఉదయం వెనక గది తలుపు తీస్తే నా చెప్పులు ఎదురొచ్చాయి, తేలుతూ. పైపు మూసుకుపోయి కాలవ నిండి, గోడ ఊరి, నీళ్ళు గదిలోకి చేరిపోయాయి. ప్లైవుడ్ మంచం పొరలు విడిచి ఉబ్బింది. గోడ మోకాలెత్తున నల్లబడి, తడిసిన గోనెసంచి వాసన వేస్తోంది. పరుపు ముందుగదిలో ఉండబట్టి బతికింది. నేను చీర ఎగ్గట్టి బకెట్‌తో తోడుతూ ఉంటే, తోడినన్నీ మళ్ళీ ఊరుతున్నాయి. ఆ పూట మా ఆయన్ని నేనన్న మాటలు ఇక్కడ రాయను. చర్చిలో నాకున్న పేరు పాడవుతుంది.

ఇల్లు తడిసిన సంగతి డిగ్లీపూర్ దాకా ఎలా పోయిందో తెలియదు. చెల్లెలి అత్తగారు ఫోన్ చేసింది. ఆవిడ చెడ్డమనిషి కాదు, ఉన్నమాట మొహం మీదే అంటుంది, అంతే.

"చెమ్మగదిలో బాలింతనెలా పెడతాం, నువ్వే సెప్పు. సిప్పీఘాట్‌లో మా తమ్ముడి ఇల్లున్నాది. షిప్పు దిగి అక్కడికే తీసుకెళ్ళిపోతాను. నువ్వు రోజూ వచ్చి సూసుకో."

"మీరొచ్చేసరికి గది ఆరిపోతుందండీ. ముందు చూడండి, తర్వాత నిర్ణయించండి" అన్నాను.

"సరే, సూస్తాను. తడుంటే మాత్రం మరి మాట్లాడొద్దు."

ఫోన్ పెట్టేసి మళ్ళీ బకెట్ అందుకున్నాను. సిప్పీఘాట్ ఎంతో దూరం కాదు. కానీ పుట్టిల్లుండీ నా చెల్లెలు అత్తగారి తమ్ముడింట్లో పురుడు పోసుకోవడమా? షిప్పు వచ్చే వారమే.

తెలిసిన మేస్త్రీలందరికీ ఫోన్లు చేశాను. అందరిదీ ఒకటే పాట. "దీదీ, బారిష్ రుకనే దో." వాన ఆగనివ్వమంటారు. వానాగితే నాకు వాళ్ళెందుకు? నీళ్ళు, చెమ్మ అన్న మాట చెవిన పడగానే మనిషి జారుకుంటున్నాడు. చివరికి మా చర్చి పెద్దగారి భార్య ఒక ఠేకేదార్, అంటే కాంట్రాక్టర్ నంబరిచ్చింది. ఏ పనికైనా మనుషుల్ని పంపిస్తాడట. ఈసారి నేను తెలివి ఉపయోగించాను. నీళ్ళ మాటే ఎత్తకూడదు, పని ఉందని మాత్రం చెప్పాలి, మనుషులు గుమ్మంలోకి వచ్చాక చూసుకోవచ్చు. ఫోన్ చేస్తే ఏం పనని అడుగుతాడని, మెసేజ్ పెట్టాను. మా దీవుల్లో సగం తెలుగు, సగం హిందీ కలిపి ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టడమే అందరికీ అలవాటు. నేనూ అలాగే కొట్టాను: "భయ్యా, ఇంట్లో పని ఉంది. అర్జెంట్. జల్దీ భేజో." తొందరగా పంపమని రాసి, కింద ఇంటి గుర్తులు చెప్పాను. ఓకే అని జవాబొచ్చింది. నా తెలివికి నేనే మురిసిపోయి టీ పెట్టుకున్నాను.

టీ తాగుతుంటే బయట పెద్ద హారన్ వినిపించింది. గొడుగేసుకుని వెళ్ళి చూస్తే, జోరు వానలో, మా గేటు ముందు నిండు నీళ్ళ ట్యాంకర్.

వానాకాలంలో ట్యాంకర్ రావడం మా ఊళ్ళో వింతేమీ కాదు. కొండమీద పైపు ఎక్కడో తెగితే, బయట కుండపోతగా కురుస్తున్నా కుళాయిలో చుక్క రాదు. అయితే మాకప్పుడు నీళ్ళకి కరువు లేదు. డ్రైవర్ దిగాడు. మనవాడే, మాటలో శ్రీకాకుళం వినిపిస్తోంది. తలుపు సందులోంచి లోపలికి తొంగిచూశాడు.

"దీదీ, పానీ జల్దీ భేజో అని మా ఠేకేదార్‌కి మెసేజ్ పెట్టినారట గదా. తీరా వస్తే ఇక్కడ పానీయే పానీ ఉన్నాది."

"పానీ కాదయ్యా, పని. నేను పని అని రాశాను."

ఠేకేదార్ తనకి పంపిన నా మెసేజ్‌ని అతను ఫోన్ తీసి చూపించాడు. ఆ ఠేకేదార్‌కి నీళ్ళ ట్యాంకర్లు కూడా ఉన్నాయట. ఇంగ్లీషు అక్షరాల్లో పని రాసినా పానీ రాసినా ఒకటే. ఏ మాట దాచాలని ఇంత నాటకమాడానో, ఆ మాటే వెళ్ళి ట్యాంకర్ నిండా నీళ్ళు పట్టుకొచ్చింది. అతను నవ్వు ఆపుకోలేక గేటు పట్టుకున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నవ్వింది చాలు. తీసుకెళ్ళిపో" అన్నాను.

"నిండు ట్యాంకర్‌తో ఈ ఉతార్ దిగలేను దీదీ. జారిపోతాది. ఖాళీ చేసీయాలి. ఎక్కడ పొయ్యమంటారు?"

"నా నెత్తిన పొయ్యి. లేకపోతే ఆ వెనక పైపులో పొయ్యి. ఎలాగూ చచ్చి పడుంది."

నేనన్నది కోపంతో. అతను మాత్రం నవ్వు ఆపి, "ఏ పైపు?" అన్నాడు. చూపించాను. కాలవలోకి దిగి, నీళ్ళలో చెయ్యి పెట్టి పైపు మూతి తడుముకున్నాడు. ట్యాంకర్ గొట్టం లాక్కొచ్చి అందులో దూర్చి, మోటారు వేశాడు. లోపలికి వెళ్ళాల్సిన నీళ్ళు వెనక్కి తన్ని, అప్పుడే వర్క్‌షాపు నుంచి వచ్చి ఏం జరుగుతోందని వంగి చూస్తున్న మా ఆయన మొహాన్ని కొట్టాయి. ఆయన తల నుంచి కాలి దాకా బురదతో నిలబడ్డారు. ఆ వారంలో నేను మొదటిసారి నవ్వింది అప్పుడే.

మొహం తుడుచుకుని ఆయన కూడా కాలవలోకి దిగారు. ఎంతైనా ఇంజన్ల మనిషి, పంపు చూస్తే ఆగలేరు. ఇద్దరూ కలిసి గొట్టం చుట్టూ గోనెసంచి బిగించి కుక్కి, మళ్ళీ మోటారు వేశారు. భూమిలో గుడగుడమంది. నేను గొడుగు పడేసి కింద రోడ్డు వైపు పరుగెత్తాను. పైపు రెండో చివర నుంచి ముందు నల్లటి బురద కారింది. తర్వాత కొబ్బరిపీచు ముద్దలు ముద్దలుగా ఊడిపడింది. ఆ వెనకే కాలవలో నిలిచిన నీళ్ళన్నీ హోరుమని వచ్చి రోడ్డు పక్కన మురుక్కాలవలో పడ్డాయి. ముల్లును ముల్లుతోనే తియ్యాలంటారు. నీటిని నీటితోనే తియ్యొచ్చని నేనా రోజే చూశాను. వానలో నిలబడి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను. ఎదురింటివాళ్ళు కిటికీ తీసి చూశారు. చూడనీ అనుకున్నాను.

సాయంత్రానికి ఠేకేదార్ స్వయంగా వచ్చాడు, వెంట ఒక మేస్త్రిని పెట్టుకుని. క్షమాపణలు చెబుతాడేమో అనుకుంటే, నా తప్పే పట్టాడు.

"'ఉంది' అంటే ఉన్నట్టే గదా దీదీ. పానీ ఉంటే ఫిర్ భేజో ఎందుకు లిఖా అని కొంచెం సోచా నేను. జల్దీ అన్నారు గదా, భేజ్ దియా."

నీళ్ళుంటే మళ్ళీ పంపమని ఎందుకు రాశానా అని కొంచెం ఆలోచించాడట. అతని తెలుగు విన్నాక ఇక కోపమెలా వస్తుంది? టీ ఇచ్చాను. కాలవ కదిలింది గనుక మేస్త్రి కూడా పనికి ఒప్పుకున్నాడు. తడిసిన ప్లాస్టర్ అంతా మోకాలెత్తున కొట్టేశాడు. గోడ లోపలి ఇటుకలు బయటపడ్డాయి. బూజు పట్టిన చోటల్లా బ్లీచింగ్ కలిపిన నీళ్ళతో నేనే రుద్దాను. పాడైన మంచాన్ని బయటికి మోయించి, ఇనుప మంచం తెచ్చుకున్నాం. కొత్త ప్లాస్టర్ ఎప్పుడు వేస్తావని అడిగితే మేస్త్రి అడ్డంగా తల ఊపాడు. ఇప్పుడు వేస్తే లోపలి తడి లోపలే ఉండిపోతుందట, అదీ తడే, ఇదీ తడే. ఎండలొచ్చాక వేద్దామన్నాడు.

"అయితే ఇటుకలు కనబడకుండా పాత చీరలు కట్టేస్తాను" అన్నాను.

"పరదా మత్ డాలో దీదీ. గోడకి హవా తగలాలి."

దాచే పనులు నాకు అచ్చిరావని అప్పటికే తెలిసింది. అందుకని ఊరుకున్నాను. మా ఆయన వర్క్‌షాపు నుంచి ఇంజన్లు ఆరబెట్టే బ్లోయరు మోసుకొచ్చారు. ఇరుగుపొరుగువాళ్ళు తలా ఒక టేబుల్ ఫ్యాన్ ఇచ్చారు. దగ్గర్లోని ఎయిర్‌పోర్టులో విమానం లేస్తే కూడా వినబడనంత హోరు మా వెనక గదిలో. ఎవరైనా ఏదైనా అడిగితే అరుచుకోవాల్సి వచ్చేది. మా ఆయన పొద్దున లేవగానే గోడకి అరచెయ్యి ఆనించి చూసి, జ్వరం తగ్గిన పిల్ల దగ్గర్నుంచి వచ్చినట్టు వచ్చేవారు. అంతకు ముందు ఆయన్నన్న మాటల్లో కొన్ని వెనక్కి తీసుకున్నాను. అన్నీ కాదు.

షిప్పు వచ్చిన రోజు వాన తగ్గలేదు. ఆటో దిగి అత్తగారు నేరుగా వెనక గదిలోకి నడిచింది. చెల్లెలు పొట్ట పట్టుకుని నిదానంగా వెనకే వచ్చింది. నేను ఫ్యాన్లన్నీ ఆపేశాను. గది ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది.

"ఏటిది, గోడకి బట్టల్లేవేటి?" అంది ఆవిడ.

సంగతంతా ఉన్నదున్నట్టు చెప్పాను. పైపు, ట్యాంకర్, మేస్త్రి మాట, అన్నీ. ఆవిడ వింటూనే ఇటుకల మీద అరచెయ్యి వేసి అటు నుంచి ఇటు దాకా నడిచింది. మంచం కింద వంగి చూసింది. మూలల్లో వాసన చూసింది. పరుపు ఎత్తి అడుగున తడిమింది. ఫ్యాన్లు ఆపిన గదిలో కారుతున్న చెమట కొంగుతో తుడుచుకుంటూ నేను ఆవిడ వెనకే నడిచాను. చెల్లెలు నా వైపు చూడకుండా నేల వైపు చూస్తోంది. అత్తగారి ముందు నోరెత్తి ఇక్కడే ఉంటానని అనలేదు కదా, పాపం.

"పొడిగానే ఉన్నాది" అంది ఆవిడ చివరికి. "గోడకన్నా నువ్వే తడిసి ముద్దయిపోనావు. కూకో కాస్త."

ఆవిడ అన్నం తిని, గోడ ఇటుకలు ఇంకొకసారి ముట్టుకుని, తమ్ముణ్ణి చూడ్డానికి సిప్పీఘాట్ వెళ్ళింది. ఒక్కతే వెళ్ళింది. ఆవిడ గేటు దాటేదాకా చెల్లెలూ నేనూ మర్యాదగా నిలబడ్డాం. తర్వాత ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని నవ్వుకున్నాం.

దాన్ని పడుకోమని చెప్పి పాలు కాచడానికి వెళ్ళాను. గ్లాసుతో తిరిగి వచ్చేసరికి గదిలో మాటలు వినిపించాయి. డిగ్లీపూర్‌లో దాని పక్కింటి స్నేహితురాలు కాబోలు, ఫోన్ చేసింది. చెల్లెలు మంచం మీద వెనక్కి వాలి, కాళ్ళు చాపుకుని, ఎంతో తీరిగ్గా మాట్లాడుతోంది.

"నేనా? లేదే, సిప్పీఘాట్ కాదు. అమ్మోళ్ళింటికి వచ్చీసినాను. ఆ, అమ్మోళ్ళింట్లోనే ఉన్నాను."

నేను గుమ్మం అవతలే ఆగిపోయాను. సంతోషానికి కూడా అంత ఏడుపు వస్తుందని నాకు తెలియదు. ఆ పాలు చల్లారిపోతే, మళ్ళీ వేడిచేసి తీసుకెళ్ళాను.