దొరసానమ్మగారి ఓటు

ఈ రోజు నా మనసు విరిగిపోయింది. ముత్తుకూరు మిషన్ బడిలో నాకు అక్షరాలు దిద్దించిన అమెరికా దొరసానమ్మగారికి ఈ 1964 వాళ్ల దేశాధ్యక్షుడి ఎన్నిక ఓటు కాగితం టపాలో వచ్చిందట. నేను నెల్లూరు బస్సెక్కుతున్నానని తెలిసి, నింపి అంటించిన కవరు నా చేతికిచ్చి పోస్టు చేయమన్నారు.

నెల రోజులుగా ఆ ప్రచారం వార్తలు పేపర్లో ఒక్కటీ వదలకుండా చదువుతున్నాను. నల్లవారి సమాన హక్కుల చట్టాన్ని నిలబెడతానన్న అభ్యర్థే గెలవాలని నా కోరిక. ఆమె ఓటూ ఆయనకేననుకుని సంతోషంగా అడిగాను.

"లేదు సుగుణా, రెండో ఆయనకే వేసినాను. నల్లోళ్ల బిడ్డల్ని మా బిడ్డల పక్కనే కూర్చోబెడతామని తొందరపడతా ఉండారు. మా ఊర్లో అది కుదరదు."

"మాలపల్లె నుంచి వచ్చిన నన్ను పెద్దకులాలోళ్ల బిడ్డల పక్కన బెంచీ మీద కూర్చోబెట్టింది మీరే గదమ్మా! ఊరంతా కొట్లాటకొచ్చినా మీరు తగ్గలేదే!"

"అది వేరే మాట" అని ఆమె ముఖం తిప్పుకున్నారు.

నేను టీచరునయ్యానంటే ఆ బెంచీ వల్లే. అది న్యాయమని ఇన్నేళ్లూ నమ్మాను. పరాయి ఊళ్లో చూపిన దయ మాత్రమేనని ఈ రోజు తెలిసింది.

కవరు చించేద్దామని బస్సులో రెండుసార్లు అనిపించింది. ఓటు ఆమెది, చించే హక్కు నాకు లేదని పోస్టు డబ్బాలో వేసి వచ్చాను. నాకు ఓటే లేని ఎన్నికలో ఓడిపోయింది మాత్రం నేనే అనిపిస్తోంది. మీరైతే ఆ కవరును ఏం చేసేవారు?