లోపలికి తిరిగిన మూల

ఈ సంగతి రాసి పెట్టడానికి కారణం ఒక్కటే, ఇందులో తప్పు నాది. పొలం కాగితాల్లో సరిదిద్దిన కొలత ఉంటుంది గానీ, అంతకు ముందు నేను పోసిన సున్నపు గీత ఉండదు. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకు ఆ గీత సంగతి తెలియాలి.

తిరువూరులో ప్రైవేటుగా పొలాలు కొలుస్తాను. పదో తరగతితో చదువు ఆగింది. చైన్‌మన్‌గా, అంటే కొలత గొలుసు పట్టే మనిషిగా మొదలై, శాఖా గ్రంథాలయంలో రేఖాగణితం చదువుకుని పని నేర్చుకున్నాను. ఆ చదువంటే ఇప్పటికీ గర్వమే.

రెండేళ్ల కిందట వేసవిలో గంపలగూడెం వైపు నరసింహారావు గారనే రైతు, మామిడి మొక్కలు పెట్టే ముందు చేను చుట్టూ ఫెన్సింగ్ వేయించాలని నన్ను పిలిచారు. నాలుగు మూలల చేను. మూడు మూలల్లో సర్వే రాళ్లున్నాయి, నాలుగోది కనబడలేదు. గట్టు ట్రాక్టరు దున్నకంలో ఎప్పుడో పోయింది. పాత పటంలో నాలుగు పక్కల కొలతలు మిగిలాయి గానీ, ఆ మూల బొమ్మను చెదలు తినేశాయి. దాన్ని ఆనుకునే మరియమ్మ గారి చిన్న చెక్క, అంటే చిన్న నేల ముక్క. అక్కడే ఆవిడ భర్త దేవదానం సమాధి.

అటూ ఇటూ ఉన్న రెండు రాళ్ల నుంచి టేపులు లాగి, కొలతలు కలిసినచోట సున్నం పోశాను. మూల మరియమ్మ గారి చెక్కలోకి పొడుచుకుపోయింది. సమాధి నరసింహారావు గారి చేలో పడింది. తవ్వితే రాయి మాత్రం తగల్లేదు.

"అదేంటి బాబూ, మా ఆయన్ని వాళ్ల చేలో పెట్టామా?" అంది మరియమ్మ గారు.

"ఇన్నాళ్లూ నేను చెబితే నమ్మలేదుగా. ఇప్పుడు లెక్కే చెబుతోంది," అన్నారు నరసింహారావు గారు.

"గొయ్యి తీసేటప్పుడు మీ నాన్నగారు ఇక్కడే నిలబడ్డారండి. ఆయన చేను ఆయనకి తెలీదా?"

"పోయినోళ్లని సాక్ష్యానికి పిలుస్తావేంటి మరియమ్మా! ఎల్లుండి జేసీబీ వస్తుంది. ఈలోపు సమాధి మార్చే సంగతి మీ పాస్టర్ గారితో మాట్లాడుకో."

ఆవిడ నా వైపు తిరిగింది. "నాలుగు కోణాలూ కూడితే మూడు వందల అరవై డిగ్రీలు వచ్చాయమ్మా. లెక్కలో తప్పు లేదు," అన్నాను. ఆవిడ సమాధి పక్కన చతికిలబడింది.

దొరకని రాయి నన్ను నిలవనివ్వలేదు. మర్నాడు గ్రంథాలయానికి వెళ్లి చతుర్భుజాల పాఠం మళ్లీ తీశాను. తొంభై డిగ్రీలుంటే లంబకోణం, అంతకు తక్కువైతే అల్పకోణం, ఎక్కువైతే అధికకోణం. ఇవి నాకు తెలుసు. కింద బాణం మొనలాంటి బొమ్మ ఒకటి ఉంది. దాని ఒక మూల లోపలికి తిరిగి ఉంది. అక్కడి కోణం నూట ఎనభై దాటింది. దాని పేరు పరావర్తన కోణం. ఆ బొమ్మలోనూ నాలుగు కోణాల మొత్తం మూడు వందల అరవయ్యే.

చేను బొమ్మ మళ్లీ గీసి చూశాను. నాలుగు పక్కలున్న ఏ ఆకారానికైనా ఆ మొత్తమే వస్తుంది. నేను చూపిన రుజువు దేన్నీ రుజువు చేయలేదు. అవే రెండు టేపులు అవే రాళ్ల నుంచి చేను లోపలి వైపూ కలుస్తాయి.

జేసీబీ రావలసిన రోజు తెల్లారగానే నాతో పనిచేసే ఏసుబాబును టేపు పట్టమని వెంట తీసుకెళ్లాను.

"ఇంకెన్ని మూలలు కనిపెడతారండీ?" అన్నారు నరసింహారావు గారు.

"మూల ఒక్కటేనండి. నేను వెతికిన వైపే తప్పు."

ఈసారి టేపులు చేను లోపలి వైపు కలిసిన చోట తవ్వడానికి ఆయన పలుగు తనే అందుకున్నారు. మోకాలి లోతున ఖంగుమంది. మట్టి తుడిస్తే రాయి నెత్తిన సర్వే వాళ్లు చెక్కిన గంటు. చేను అక్కడ లోపలికి నొక్కుకుపోయింది. ఆ నొక్కులో, మరియమ్మ గారి వైపు, సమాధి ఉంది.

"నాన్న నిలబడింది నిజమేనన్నమాట," అని నరసింహారావు గారు ఫెన్సింగ్ వాళ్లకు ఫోన్ చేసి, గీత మారిందని చెప్పారు. మరియమ్మ గారు చీపురు తెచ్చి, నేను పోసిన సున్నాన్ని మొత్తం ఊడ్చేసింది.

ఇప్పుడు లెక్క కుదరగానే, అదే లెక్క మరో ఆకారానికీ కుదురుతుందేమో చూస్తాను. రాయి తగిలాకే సున్నం పోస్తాను.

మూసే వేళ దాటినా పుస్తకం నా చేతిలోంచి తీసుకోని గ్రంథపాలకురాలు సుజాత గారికి, టేపు వదులు కానివ్వని ఏసుబాబుకు, తనకు నష్టమని తెలిసీ పలుగు పట్టిన నరసింహారావు గారికి కృతజ్ఞతలు. సున్నం పోసిన రోజున కూడా, ఎండలో ఉన్నానని నాకు మంచినీళ్లు ఇచ్చి పంపిన మరియమ్మ గారికి కూడా.